మూడువందల పదిహేడో లెక్క

సెయిల్‌కాన్ మా ఆఫీసుకి మొదటిసారి వచ్చింది, చేత్తో తిప్పే లెక్కల యంత్రం కోసం.

అప్పుడు నేను అత్‌బాషి జిల్లా గణాంకాల ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎనభై ఆరో సంవత్సరం, సెప్టెంబరు. నాకు యాభై ఒకటి నిండాయి. జిల్లాలో ఎన్ని గొర్రెలు ఈనాయి, ఎన్ని చచ్చాయి, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంత గడ్డి కోశారు, ఇవన్నీ నా బల్ల మీదికొచ్చి, కూడికలు అయ్యాక పైకి పోయేవి. ఇరవై రెండేళ్లు అదే పని. ఆ యంత్రం పిడి తిప్పీ తిప్పీ నా కుడి భుజం ఎడమదానికంటే లావెక్కిందని మా ఆవిడ నవ్వేది.

సెయిల్‌కాన్ మా పైవీధి బళ్లో ఫిజిక్స్ చెప్పేది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. రాజధాని ఫ్రూంజెలో యూనివర్సిటీలో మూడేళ్లు చదివి, తండ్రికి పక్షవాతం వస్తే చదువు ఆపి వచ్చేసింది. మిగతాది ఉత్తరాల ద్వారా పూర్తి చేసింది. భర్త లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. ఇంట్లో ఆమె, ఇద్దరు ఆడపిల్లలు, మామగారు జపార్‌కుల్. ఊళ్లో ఆమె గురించి అందరికీ తెలిసింది ఒక్కటే. ఆమె దగ్గర ఓ లావుపాటి లెక్కల పుస్తకం ఉంది, తొమ్మిదేళ్లుగా దాన్నే చేస్తోంది.

"బాయ్‌కె, ఓ గంట మీ యంత్రం ఇస్తారా?" అంది గుమ్మంలో నిలబడి. బాయ్‌కె అంటే మాకు అన్నయ్య. వీధిలో పెద్దవాడు ఎవడైనా బాయ్‌కే.

"బళ్లో పిల్లల మార్కులు కూడాలా?"

"కాదు. ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ సున్నాయే వచ్చింది. ఎక్కడో కూడిక తప్పి ఉంటానని."

కూర్చోబెట్టి టీ పోశాను. ఆమె తువ్వాల్లోంచి పుస్తకం తీసింది. అట్ట లేదు. ఫిజిక్సు, గణాంకాలు కలిసిన పై చదువుల లెక్కలు, మొత్తం నాలుగువందల పన్నెండు. ఆమె చేరుకుంది మూడువందల పదిహేడు దగ్గరికి.

"వెనకాల జవాబు ఉంటుందిగా, చూసుకోకపోయావా?"

ఆమె మొహం ఎర్రబడింది. "మా మామగారు తాగేశారు."

"ఏంటీ?"

"పుగాకు చుట్టుకోవడానికి కాగితం దొరక్క పుస్తకం చివరి పేజీలు చింపారు. మూడొందల తర్వాత జవాబులన్నీ పొగైపోయాయి. పట్టికలు కూడా. అడిగితే, చివరి పేజీలు ఎవరూ చదవరనుకున్నా అన్నారు."

పడీపడీ నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపయ్యాక తనూ నవ్వేసింది.

లెక్క ఏమిటో చెప్పమన్నాను. నాకు అర్థమవుతుందని కాదు, టీ అయ్యేదాకా ఏదో ఒకటి మాట్లాడాలిగా. కానీ ఆమె చెప్పిన తీరు వేరు. ఓ చక్కెర ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంత గాలి అనుకోండి. దీన్నిండా అణువులు. ఎండ తగలగానే ప్రతి అణువూ వణుకుతుంది, వణికి కాస్త వెలుగు పక్కలకి చిమ్ముతుంది. ఆ చిమ్మిన వెలుగే ఆకాశం. సరేనా? ఇప్పుడు చూడండి. వెలుగంటే అల. ఈ అణువు నుంచి అల పైకి లేస్తున్నప్పుడు, దీనికి సరిగ్గా సగం అల దూరంలో ఇంకో అణువు ఉంటుంది. దాని అల కిందికి పోతూంటుంది. రెండూ కలిస్తే ఏమీ మిగలదు. ప్రతి అణువుకీ అలాంటి జోడీ ఒకటి ఉంటుంది. మొత్తం కూడితే సున్నా."

"అయితే?"

"అయితే ఆకాశం నల్లగా ఉండాలి, బాయ్‌కె! పట్టపగలు సూర్యుడి పక్కనే చుక్కలు కనిపించాలి. ఆకాశం ఎందుకు నీలంగా ఉందో చూపించమని లెక్క. నాకేమో ఆకాశమే లేదని వస్తోంది."

కిటికీలోంచి బయటికి చూశాం ఇద్దరం. ఆకాశం ఉంది. మామూలుగా ఎప్పుడూ ఉన్నట్టే, కొండల మీద బోర్లించినట్టు.

ఆమె కాగితాలు ఇటు తిప్పింది. గుర్తులు నాకు అంతుపట్టలేదు గానీ, మధ్యలో ఓ గళ్ల బొమ్మ ఉంది. గాలిని చిన్న చిన్న గళ్లు చేసి, ఒక్కో గడిలో ఎన్ని అణువులో వేసింది. అన్ని గళ్లలోనూ ఒకటే అంకె.

"ఇదేంటి, అన్నిట్లోనూ సమానంగా వేశావు?"

"గాలి అంతా ఒకేలా ఉంటుందిగా."

నేను ఆ గళ్ల వంక చూస్తూ ఉండిపోయాను. అలాంటి కాగితం నేను ఇంతకుముందు ఓసారి చూశాను. దాని వల్ల ఏడాదిపాటు నిద్ర లేకుండా పోయింది.

"సెయిల్, నీకో సంగతి చెప్తాను. మన జిల్లాలో నెలకి సుమారు వంద కాన్పులు. కానీ ఏ నెలా సరిగ్గా వంద ఉండవు. తొంభై రెండు, నూట పదకొండు, తొంభై ఏడు, ఇలా. వందకి ఓ పది అటూ ఇటూ. అదే నాలుగొందలైతే ఇరవై అటూ ఇటూ. పదివేలైతే వంద. ఎప్పుడూ వర్గమూలమే. ఏ తల్లీ ఇంకో తల్లిని అడిగి కనదు కదా, అందుకని. ఓ గొర్రెల ఫారం నుంచి మాత్రం మూడేళ్లపాటు చచ్చిన పిల్లల లెక్క ఇలా వచ్చింది: నలభై, నలభై ఒకటి, నలభై, ముప్పై తొమ్మిది, నలభై. అందరూ మెచ్చుకున్నారు, ఎంత పద్ధతైన ఫారమో అని. నాకు అనుమానమొచ్చి వెళ్లి చూస్తే, గుమస్తా పొయ్యి పక్కన కూర్చుని రాస్తున్నాడు. అన్నీ కాకిలెక్కలు. నిజంగా లెక్కపెట్టినదైతే వణకాలి. వణక్కపోతే అబద్ధం."

ఆమె పెదాల దగ్గర కప్పు ఆగిపోయింది.

"నీ గాలి నాకు ఆ ఫారం రిపోర్టులా కనిపిస్తోంది" అన్నాను.

ఎంతసేపు అలా కూర్చుందో. టీ మీద పాలమీగడ కట్టింది. చివరికి కప్పు కింద పెట్టి, కాగితాలు పోగు చేసుకుని, యంత్రం సంగతే మర్చిపోయి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే వీధిలో పరిగెడుతోంది. పంతులమ్మ అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

మూడోరోజు మళ్లీ వచ్చింది. కళ్లు గుంటలు పడ్డాయి. పద్నాలుగు పేజీలు నా ముందు పెట్టింది.

"మీరు చెప్పిందే, బాయ్‌కె. ఓ గడిలో రెండు అణువులు ఎక్కువుంటాయి, పక్కగడిలో మూడు తక్కువుంటాయి. జోడీలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక ఆ హెచ్చుతగ్గులే మిగులుతాయి. ఆ మిగిలినదే ఆకాశం. ఎర్రటి అలకంటే నీలం అల పొట్టిది కాబట్టి అది ఎక్కువ చిమ్ముతుంది. సగం పొడవున్న అల పదహారు రెట్లు! అందుకే నీలం."

"మరి జవాబు వచ్చేసినట్టేగా?"

"అసలుది వినండి." గొంతు తగ్గించింది, పక్కగదిలో ఎవరైనా వింటారేమో అన్నట్టు. "అణువులు ఎంత ఎక్కువ ఉంటే వణుకు అంత తక్కువ. లెక్కలేనన్ని ఉంటే వణుకే ఉండదు, ఆకాశమే ఉండదు. ఆకాశం కనిపిస్తోందంటే అణువులు లెక్కకి అందినన్నే ఉన్నాయన్నమాట. ఎంత నీలంగా ఉందో కొలిస్తే ఎన్నున్నాయో చెప్పొచ్చు. లెక్క చివర అడిగింది అదే. చక్కెర ముక్కంత గాలిలో ఎన్ని అణువులో, ఆకాశాన్నిబట్టి చెప్పమన్నాడు. పట్టిక చివర ఉంది చూడమన్నాడు."

"పట్టిక మీ మామగారి దగ్గరుంది."

"ఊపిరితిత్తుల్లో ఉంది" అంది. "అందుకే, కొలతలు మనమే తీసుకుందాం."

నేను ముక్కున వేలేసుకున్నాను. గొర్రెలు లెక్కపెట్టేవాణ్ణి ఆకాశం లెక్కపెడదాం రమ్మంటోంది. అయినా వద్దనడానికి నోరు రాలేదు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కాంతి కొలిచే మీటరు జిల్లా పత్రిక ఫొటోగ్రాఫర్ ఇచ్చాడు. బళ్లో రసాయన పాఠాల గదిలో నీలం అద్దం ముక్క దొరికింది. అట్టతో గొట్టం చేసి లోపల మసి పూసింది సెయిల్. గొట్టాన్ని సూర్యుడికి గురిపెడితే, నీలం అద్దం గుండా వచ్చే వెలుగు ఎంతో మీటరు ముల్లు చెబుతుంది. పొద్దున్న సూర్యుడు కిందుంటాడు, వెలుగు చాలా గాలి దాటి రావాలి. మధ్యాహ్నం తక్కువ గాలి. దాటిన గాలిని బట్టి ఎంత వెలుగు పక్కలకి పోయిందో తెలిస్తే చాలు. సూర్యుడి ఎత్తు తెలియడానికి ఓ కర్ర, దాని నీడ. ఊళ్లో పొయ్యిల పొగ ఉంటుంది కాబట్టి కనుమ పైకి పోవాలి.

గుర్రాలు జపార్‌కుల్‌వి. ఆయనకి డెబ్బై దాటాయి. తెల్ల ఉన్నిటోపీ నెత్తిన పెట్టుకుని, జీను బిగిస్తూ మొదలెట్టాడు.

"నేను తాగిన జవాబు కోసం నన్నే కొండెక్కిస్తున్నారా?"

"మీరు రాకపోయినా ఫర్వాలేదు, ఆతా. గుర్రాలిస్తే చాలు" అంది కోడలు. ఆతా అంటే మాకు నాన్న.

"ఇస్తే? ఈ షర్షెన్ గుర్రం మీద ఎక్కి ఎన్నేళ్లయింది? కుర్చీకి జీను కట్టుకుని తిరిగే మనిషి. దారిలో దొర్లిపడితే ఎవరు మోస్తారు?"

షర్షెన్ అంటే నేనే. ఆయనన్నది నిజం.

శనివారం మధ్యాహ్నానికి పైకి చేరాం. సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్లు. అక్కడ జపార్‌కుల్ మేనల్లుడు గొర్రెలతో వేసవంతా ఉండి, ఇంకా దిగలేదు. వాళ్ల ఉన్ని గుడారంలో పడుకున్నాం. ఆదివారం పొద్దు పొడుస్తూనే పని మొదలు. సెయిల్ ముల్లు చదివి అంకె చెబుతుంది, నేను రాస్తాను. తాడు పట్టుకుని నీడ కొలిచేది జపార్‌కుల్. మొదట్లో విసుక్కున్నాడు గానీ రెండుసార్లు కొలిచేసరికి పని నెత్తికెక్కించుకున్నాడు. నేను గళ్ల కాగితం తీసుకోవడానికి కర్ర పక్కనుంచి వెళ్తే కేకేశాడు.

"నీడలో అడుగు పెట్టకు! కొలుస్తున్నా కనబడట్లేదా?"

మధ్యాహ్నానికి పదమూడు కొలతలు. సెయిల్ లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టింది. ఆమె లెక్క నిజమైతే చుక్కలన్నీ ఓ సరళరేఖ మీద పడాలి. పడలేదు. వంగిన కొడవలిలా ఉన్నాయి. అయినా ఓ గీత గీసి అంకె రాబట్టింది. పుస్తకాల్లో ఉన్నది ఇరవై ఏడు, పక్కన పద్దెనిమిది సున్నాలు. మాకు వచ్చింది పదకొండు.

ఆమె పెన్సిలు జేబులో పెట్టుకుని గుడారం వెనక్కి వెళ్లి నిలబడింది. తొమ్మిదేళ్లలో మూడొందల పదహారు లెక్కలు చేసిన మనిషి. ఇంట్లో పిండి కలుపుతూ, పిల్లలకి జడలు వేస్తూ చేసినవి.

జపార్‌కుల్ కురుత్ అనే ఎండబెట్టిన పెరుగు ముక్క చప్పరిస్తూ దక్షిణం వైపు చూపించాడు. "ఆ తెల్లగా ఉన్నదేంటి?"

"మబ్బు" అన్నాను.

"మబ్బు నీ మొహం. దుమ్ము. కొండల అవతల ఎడారి నుంచి రెండ్రోజులుగా వస్తోంది. నిన్న దారిలోనే చెప్పాను. పెద్ద చదువులవాళ్లు ఎవరు విన్నారు?"

సెయిల్ గిరుక్కున తిరిగింది. "ఆతా! ఇది ఎప్పుడు పోతుంది?"

"ఇవాళ సాయంత్రం నుంచి మంచు పడుతుంది. రేపంతా పడుతుంది. ఎల్లుండి పొద్దున్న చూడు, కడిగిన గిన్నెలా ఉంటుంది."

సోమవారం ఆమెకి బడి, నాకు ఆఫీసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇరవై రెండేళ్లలో నేను ఒక్కరోజు కూడా చెప్పకుండా మానలేదు. "మీరు వెళ్లిపోండి, బాయ్‌కె. నేను ఉంటాను" అందామె. "నేను వెళ్తే అంకెలు ఎవరు రాస్తారు?" అన్నాను. అంత సులువుగా నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ మేనల్లుడు గుర్రమేసుకుని ఊళ్లో కబురు చెప్పడానికి దిగాడు.

ముసలాయన చెప్పినట్టే మంచు పడింది. సోమవారమంతా గుడారంలో పొయ్యి చుట్టూ కూర్చున్నాం. మంగళవారం పొద్దున్నే తలుపు తెర ఎత్తిన జపార్‌కుల్ "రండి" అన్నాడు. ఆ ఒక్క మాటే.

బయటికొచ్చి నేను నిలుచుండిపోయాను. అలాంటి ఆకాశం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అంచుల్లో లేత నీలం, పైకి పోయేకొద్దీ ముదురు, నడినెత్తిన దాదాపు నలుపు. మంచు మీద మా ముగ్గురి నీడలు కూడా నీలంగా ఉన్నాయి.

అంకె, నీడ, అంకె, నీడ. వేళ్లు కొంకర్లు పోతుంటే చంకల్లో పెట్టుకుని వెచ్చ చేసుకుంటూ రాశాను. సూర్యుడు ఎక్కేకొద్దీ ముల్లు ఎక్కింది. మిట్టమధ్యాహ్నం దాటాక సెయిల్ జీను మీద గళ్ల కాగితం పరిచి చుక్కలు పెట్టడం మొదలెట్టింది. మొదటిది, రెండోది, మూడోది. నాలుగోది పెట్టేముందు నేను మనసులోనే అనుకున్నాను, ఇక్కడ పడాలి అని. అక్కడే పడింది. ఐదోదీ అంతే. పద్నాలుగు చుక్కలు, దారం లాగి కట్టినట్టు వరసగా నిలబడ్డాయి.

జపార్‌కుల్ వంగి చూశాడు. ఆయనకి అంకెలు పెద్దగా రావు. కానీ వరస అంటే ఏమిటో తెలుసు. "వీటినెవరు ఇలా నిలబెట్టారు?" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరూ నిలబెట్టలేదు, ఆతా. అవే నిలబడ్డాయి."

ఆమె గీత గీసింది, వాలు కొలిచింది, పట్టికలు తిప్పింది. జవాబు రాసి కాగితం నా వైపు తిప్పింది. ఇరవై మూడు, పక్కన పద్దెనిమిది సున్నాలు.

"ఇరవై ఏడు కదా ఉండాలి? మిగతా నాలుగూ ఎక్కడ పోయాయి?" అన్నాడు ముసలాయన, నేను చెప్పగా విని.

"ఇంకా కాస్త దుమ్ముంది. మన మీటరు కూడా అంత మంచిదేం కాదు" అంది సెయిల్. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఆతా, చక్కెర ముక్కంత గాలిలో ఇన్నున్నాయి. మనం లెక్కపెట్టాం. ఓ అట్ట గొట్టంతో, ఓ కర్రతో."

జపార్‌కుల్ టోపీ తీశాడు. ఆయన టోపీ తీయడం నేను చావుల దగ్గర తప్ప చూడలేదు. నెత్తి మీద నాలుగు తెల్ల వెంట్రుకలు గాలికి లేచాయి. చెయ్యి చాపి, గుప్పిట మూసి, విప్పి చూసుకున్నాడు. "ఇందులో కూడానా?"

"అందులో కూడా."

"నేను పీల్చేదాంట్లో?"

"అందులో కూడా, ఆతా."

ఆయన ఓ పెద్ద ఊపిరి పీల్చి, చాలాసేపు బిగబట్టి, మెల్లగా వదిలాడు.

నేను వెల్లకిలా మంచు మీద పడుకున్నాను. లేవబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్లుగా నా బల్ల మీదికి వచ్చిన అంకెలన్నీ కళ్ల ముందు ఆడాయి. తొంభై రెండు కాన్పులు, నూట పదకొండు కాన్పులు. ఆ వణుకు నాకు పనిలో ఓ చిరాకు. కూడికలు సరిగ్గా కుదరనివ్వని చిరాకు, అంతే. అదే వణుకు అక్కడ నా మీద, అంచు నుంచి అంచుకి, నీలంగా పరుచుకుని ఉంది. ఏ అణువుకీ ఇంకో దాని సంగతి పట్టదు. ఏదీ ఇంకోదాన్ని అడిగి కదలదు. పాలుగారే పసిబిడ్డని పొత్తిళ్లలో పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగే తల్లికి జిల్లా సగటు ఎంతో తెలియనట్టే. అయినా అన్నీ కలిసి ఆ వర్గమూలాన్ని దాటిపోవు. అన్నీ సమానంగా, పద్ధతిగా ఉండి ఉంటే పైన ఉండేది ఓ నల్లటి గొయ్యి. ఈ కాస్త అసమానం వల్ల మాకు ఆకాశం ఉంది. ఇది ఎవరు కల్పించినా, ఏది కల్పించినా, దాని ముందు నేను ఎంతటివాణ్ణని అనిపించింది. చిన్నతనంగా మాత్రం అనిపించలేదు. నా పుస్తకాల్లో రాసుకున్నది అబద్ధం కాదని, అది ఇంత దూరం పోతుందని తెలిసి గుండె నిండిపోయింది.

"లేవండి, బాయ్‌కె, జలుబు చేస్తుంది" అంది సెయిల్.

కిందికి దిగాక మా పైఅధికారి నన్ను నిలబెట్టి కడిగేశాడు. రెండు రోజులు ఎక్కడ పోయావంటే, ఆకాశంలో అణువులు లెక్కపెట్టడానికి పోయానన్నాను. తాగి ఉన్నాననుకుని ఇంటికి పంపాడు. సెయిల్‌ని బళ్లో ఏమీ అనలేదు. ఆ వారమే ఆమె పదో తరగతికి పాఠం మానేసి మా గళ్ల కాగితం నల్లబల్లకి అంటించి చూపించిందట. ఆ మరుసటి సెప్టెంబరు నుంచి ఏటా పిల్లల్ని కనుమ పైకి తీసుకెళ్లేది. ఓసారి ఇరవై ఐదు వచ్చింది. పుస్తకంలో నాలుగొందల పన్నెండో లెక్క తొంభయ్యో సంవత్సరం చలికాలంలో పూర్తిచేసింది. ఆ రోజు వాళ్లింట్లో గొర్రెని కోశారు.

ఇక నా సంగతి. కొండ దిగిన వారానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి నాకు వర్గమూలం తెలుసు, అంతకు మించి తెలియదు. "సెయిల్, నాకు మొదటినుంచీ చెప్పు" అన్నాను.

ఆమె పిండి చేతులతోనే పుస్తకం తెచ్చి మొదటి పేజీ తెరిచింది. ఓ పెట్టె, మధ్యలో అడ్డుగోడ, గోడకి చిన్న కన్నం, ఇటు పక్కన ఆరు అణువులు. కాసేపటికి ఎటు ఎన్నుంటాయి? ఆరూ మళ్లీ ఇటే చేరడానికి ఎంత వీలుంది?

"చెప్పను. చేసుకు రండి" అంది.

నాకు పదకొండు రోజులు పట్టింది. ఆరు గులకరాళ్లు తెచ్చుకుని ఆఫీసు బల్ల మీద ఇటూ అటూ జరుపుతుంటే పక్కసీటు ఆయన కళ్లప్పగించి చూసేవాడు. పన్నెండో రోజు కాగితం పట్టుకెళ్లి ఇచ్చాను. ఆమె పైనుంచి కిందికి చదివింది. ఓ చోట వేలు పెట్టి ఆగింది. తర్వాత వేలు తీసేసింది.

"సరిపోయింది. రెండోది చెయ్యండి" అంది.